లక్కపిడత ఎరుపు, 24 ఆక్సిజన్లు

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మకి రంగెక్కే తీరు చూడాలి. కుంచె ఉండదు. తరిణె మీద గిర్రున తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమితే పిడత నిగనిగలాడుతుంది.

చిక్కంతా ఆ కడ్డీలోకి చెట్టు రంగుని ఎక్కించడంలో ఉంది. వేళ్ళ రంగూ, గింజల రంగూ నీళ్ళలో దిగుతాయి. లక్కకేమో నీళ్ళు గిట్టవు. ఈ ఊరి బొమ్మల్ని మళ్ళీ చెట్ల రంగులకి మళ్ళించిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది ఊరికే కాదు.

కషాయంలోని రంగుని పొడిగా పట్టే పాత ఉపాయం రసాయనశాస్త్రంలో ఒకటుంది. మంజిష్ఠ కషాయంలో పటిక కలిపి చాకలి సోడా (సోడియం కార్బొనేట్) నీళ్ళు పోస్తే బుసబుసా నురగ లేస్తుంది. జావలాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ పుట్టి, రంగుని వెంటేసుకుని అడుగుకి దిగుతుంది. ఇలాంటి రంగుని ఇంగ్లీషులో లేక్ అంటారు. చెరువుకీ దానికీ సంబంధం లేదు, మన లక్కే అలా వేషం మార్చుకుంది.

ఇప్పుడు దాని సమీకరణం. పటికలో అసలు పని చేసేది అల్యూమినియం సల్ఫేట్ కాబట్టి దాన్నే తీసుకుందాం. మా చదువు రోజుల్లో ముందు ఆక్సిజన్‌ని లెక్కెట్టి తలకిందులయ్యేవాళ్ళం. అది అన్నిట్లోనూ ఉంటుంది, చివరికి వదిలెయ్యాలి. ఒక అణువులో సల్ఫేట్లు మూడు, కనుక అవతల సోడియం సల్ఫేట్లు మూడు. వాటికి సోడియంలు ఆరు కావాలి, అంటే ఇవతల సోడా మూడు. ఆ మూడింటి కార్బన్ మూడు బొగ్గుపులుసు వాయువులై పోతుంది. మనం చూసిన నురగ అదే. అల్యూమినియంలు రెండు, హైడ్రాక్సైడ్లు రెండు. వాటికి హైడ్రోజన్లు ఆరు, అందుకు నీళ్ళు మూడు.

ఇంతసేపూ ఫార్ములాల అడుగున్న చిన్న అంకెల జోలికి పోలేదు. అక్కడ చెయ్యి పెడితే పదార్థమే మారిపోతుంది. తరిణె దగ్గరా అంతే, లక్క ఎంత వెయ్యాలో మన ఇష్టం, లక్క గుణం మన ఇష్టం కాదు.

ఇక ఆక్సిజన్. ఇటు 12, 9, 3. అటు 6, 12, 6. ముట్టుకోకుండానే రెండువైపులా 24, మూత పిడత మీద కూర్చున్నట్టు.