ముట్టడి నుంచి నిర్వాణం దాకా: క్లారా పార్క్ ఆటిజం కథనాలలో తల్లి దృష్టి

1. ప్రవేశిక

1967లో అమెరికాలో ఆటిజంపై రెండు ముఖ్యమైన పుస్తకాలు వెలువడ్డాయి. ఒకటి చికాగోలో పిల్లల చికిత్సాలయాన్ని నడిపిన బ్రూనో బెటల్‌హైమ్ రాసిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ (శూన్య దుర్గం). మరొకటి క్లారా క్లెయిబోర్న్ పార్క్ రాసిన ‘ది సీజ్’ (ముట్టడి). బిడ్డను కోటగా భావించడంలో రెండూ ఒకటే. ఆ కోట మూసుకుపోవడానికి కారకులెవరన్న విషయంలో మాత్రం వాటి దారులు వేరు. బెటల్‌హైమ్ దృష్టి తల్లిదండ్రుల మీద, ముఖ్యంగా తల్లి మీద నిలిచింది. పార్క్ స్వయంగా ఆ తల్లి స్థానంలో ఉండి రాశారు. నింద మోస్తున్న వ్యక్తి కథకురాలైనప్పుడు ఆ కథనానికి ప్రామాణికత ఎలా వస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. పరిశీలనే సమాధానం

1943లో లియో కానర్ 11 మంది పిల్లల వివరాలతో ఆటిజాన్ని ప్రత్యేక స్థితిగా వర్ణించారు. తరువాతి దశాబ్దాలలో తల్లి మమకారలేమియే దీనికి మూలమన్న భావన బలపడింది. ‘రిఫ్రిజిరేటర్ మదర్’ అన్న మాట అందులోంచి వచ్చిందే. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ దీనిని ఖండించి, శారీరక కారణాల వైపు దృష్టి మళ్లించారు. ఆయన కూడా ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి.

పార్క్ ఈ చర్చలోకి వాదనతో కాక వర్ణనతో ప్రవేశించారు. నేల మీద ఒక మచ్చ చుట్టూ తనలో తానే ఆనందిస్తూ తిరుగుతున్న పసిపాప దృశ్యంతో పుస్తకం మొదలవుతుంది. 1958లో పుట్టిన నాలుగో సంతానం జెస్సీ మొదటి ఎనిమిదేళ్ల జీవితం ఇందులోని వస్తువు. బిడ్డ ఏం చేసింది, ఏం చేయలేదు, తాను ఏ ఆటతో ఎంత దూరం వెళ్లగలిగింది అన్న వివరాలు ఓపికగా పేరుకుంటాయి. తాను ప్రేమించానని తల్లి ప్రకటించుకుంటే పాఠకుడు సందేహించవచ్చు. అంత సూక్ష్మంగా చూసిన చూపును సందేహించడం కష్టం. సాహిత్య అధ్యాపకురాలైన పార్క్‌కు వివరానికున్న ఈ బలం తెలుసు.

3. రూపకం పరిమితి

అయితే ఈ పుస్తకం తాను ఎదిరించిన భావజాలం నుంచి పూర్తిగా బయటపడిందని చెప్పలేం. బలహీనత, అంధత్వం, బధిరత్వం, ఏకాంతం అన్న మాటలున్న నాలుగు అధ్యాయాల పేర్లలో ప్రతిదానికీ ‘విల్డ్’ అన్న విశేషణం చేర్చారు. అంటే అవి కోరి తెచ్చుకున్నవని అర్థం. తల్లి మీది నింద తొలగినా, బిడ్డ సంకల్పం మీద అనుమానం మిగిలింది. ముట్టడి అన్న రూపకమే ఇందుకు దారితీసింది. కోట ఉన్నచోట లోపల తలుపు బిగించుకున్నవారు ఉండాలి కదా! ఆటిజాన్ని నాడీవికాస భేదంగా గుర్తించిన నేటి అవగాహనకు ఈ ఊహ పొసగదు.

4. రెండవ కథనం

2001లో వచ్చిన ‘ఎగ్జిటింగ్ నిర్వాణ’ను ఈ పరిమితికి దిద్దుబాటుగా చదవవచ్చు. మొదటి పుస్తకంలో ‘ఎల్లీ’ అన్న మారుపేరుతో కనిపించిన కూతురు ఇక్కడ జెస్సీగా తన పేరుతోనే ఉంది. ఆమె మాటలు, ఆమె వేసిన భవనాల వర్ణచిత్రాలు కథనంలో భాగమయ్యాయి. శీర్షిక భారతీయ పాఠకుణ్ణి ఆపుతుంది. బౌద్ధంలో నిర్వాణం తృష్ణ ఆరిన స్థితి, సాధకుని గమ్యం. పార్క్‌కు అది విడిచి రావలసిన స్థితి. ఏదీ కోరని బిడ్డకు కోరిక కలగడమే ఎదుగుదల అన్నది ఆమె దీర్ఘకాలిక అనుభవసారం. విలియమ్స్ కళాశాల తపాలా విభాగంలో జెస్సీ చేసిన ఉద్యోగం ఆ ఎదుగుదలలో భాగం. దీనిని ఆటిజం ‘నయమైన’ కథగా మలచకపోవడం పార్క్ నిజాయితీ.

5. ముగింపు

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. చట్టం గుర్తింపునిస్తుంది, నిందను తొలగించే పని కథనాలది. అటువంటి కథనాలను అంచనా వేసేటప్పుడు తల్లి త్యాగాన్ని కీర్తించి ఊరుకుంటే విమర్శ బాధ్యత తీరదు. తల్లి ఎంత చూసింది, ఆ చూపులో బిడ్డకు ఎంత చోటు దక్కింది అన్న రెండు ప్రశ్నలూ వేయాలి. పార్క్ మొదటి పుస్తకం ముఖ్యంగా తొలి ప్రశ్నకు, రెండవది మలి ప్రశ్నకు జవాబిస్తాయి. అందుకే వాటిని జంటగా చదవడం అవసరం.