ముందుచూపు తెడ్లు: గుణదోషాలు

ఐరోపా, అమెరికా దేశాల చిన్న పడవలలో తెడ్లు వేసే మనిషి, పోవలసిన దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. విడిచివచ్చిన రేవు అతనికి చక్కగా కనిపిస్తుంది. చేరవలసిన రేవు కనిపించదు. మధ్యలో బండ ఉన్నదో, మరొక పడవ అడ్డంగా వస్తున్నదో తెలియాలంటే మాటిమాటికీ మెడ తిప్పవలసిందే. ఎద్దులకు వీపు పెట్టి బండి తోలేవాడిని ఎవరూ చూచి ఉండరు. పడవలో మాత్రం ఈ విపరీతం వందల ఏండ్లుగా సాగుతున్నది.

దీనిని సరిచేయాలని యంత్రపు తెడ్లు పుట్టాయి. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, మిడిల్‌ఫీల్డ్ ఊరివాడైన విలియం లైమన్ 1870లలో ఇటువంటివాటిని రూపొందించాడు. తరువాత ఆయన పేరు తుపాకుల గురిచూపు పరికరాల వలన ఎక్కువగా వ్యాపించింది. తుపాకి పట్టి నీటిబాతుల వేటకు పోయేవాడికి ఎదుట ఏమున్నదో కనబడాలి గదా! నాటినుండి నేటివరకు ఇదే సూత్రంమీద రకరకాల తెడ్లు వస్తూనే ఉన్నాయి. వాటిని మెచ్చుకొనేవారు ఒక మాట తప్పక అంటూ ఉంటారు: పూర్వులు ఆలోచించక వెనుకకు తిరిగి కూర్చున్నారని, యంత్రం ఆ పొరపాటును దిద్దిందని. పరికరం సంగతి ఎట్లా ఉన్నా, ఈ మాట ఒప్పదగినది కాదు.

మామూలు తెడ్డు ఒకే కర్ర. పడవ అంచుమీది ఇనుపచీల దగ్గర అది తిరుగుతుంది. పిడి ఒక దిక్కుకు పోతే రెక్క దానికి ఎదురుదిక్కుకు పోతుంది. పడవ ముందుకు సాగాలంటే రెక్క నీటిని వెనుకకు నెట్టాలి. అంటే పిడి ముందుకొసవైపు కదలాలి. కూర్చున్న మనిషికి బలమైన కదలిక ఏది? కాళ్ళు తన్నిపెట్టి, నడుము వెనుకకు వాల్చి, చేతులతో పిడిని రొమ్ముకు లాగుకోవడమే. కాళ్ళ కండలు, వీపు కండలు, చేతుల కండలు మూడూ అందులో పాల్గొంటాయి. ఆ లాగుడు ముందుకొసవైపు సాగాలంటే మనిషి వీపు అటువైపు ఉండక తప్పదు. కాబట్టి వెనుకకు తిరిగి కూర్చోవడం తెలివితక్కువ పని కాదు. ఒక్క కర్రతో ఒళ్ళంతటి బలాన్నీ వాడుకొనేందుకు చూపును ధరగా చెల్లించారు. పందెపు పడవలలో ఈ ధర ఎంతో తెలుస్తుంది: ఎనిమిదిమంది తెడ్లు వేస్తూ ఉంటే, తెడ్డు ముట్టని తొమ్మిదవ మనిషిని చుక్కాని పట్టడానికీ దారి చూడడానికీ మోసుకుపోతారు. ఆ మనిషి బరువు 55 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ నియమం కూడా ఉన్నది!

ఇక యంత్రపు తెడ్డు సూత్రం చూడదగినది. తెడ్డును రెండు తునకలు చేస్తారు. లోపలి తునకకు ఒక చీల, బయటి తునకకు మరొక చీల, రెండూ పడవ అంచున ఒకే పలకమీద ఉంటాయి. చీలల నడుమ రెండు తునకల కొసలూ పళ్ళచక్రాల ముక్కలతోనో, కీలుకడ్డీలతోనో ఒకదానికొకటి తగులుకొని ఉంటాయి. మొదటి తరగతి తులాదండం కదలికను ఎదురుదిక్కుకు తిప్పుతుంది. అటువంటివి రెండు వరుసగా ఉంటే, తిరిగినది మరల తిరిగి మొదటి దిక్కుకే వస్తుంది. అందుచేత ముందుకు చూస్తూ కూర్చున్నవాడు పిడిని రొమ్ముకు లాగితే, రెక్క కూడా వెనుకకే పోతుంది. లాగుడు లాగుడుగానే ఉన్నది, చూపు ముందుకు తిరిగింది. ఇంత సులువైన ఉపాయం పందెపు పడవలలోకి ఎందుకు పాకలేదని విద్యార్థి అడగవచ్చు. జవాబు చీలల దగ్గర ఉన్నది.

పిడి చీలకు 75 సెంటీమీటర్ల దూరంలోను, రెక్క 150 సెంటీమీటర్ల దూరంలోను ఉన్నవనుకొందాం. పిడిని 20 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగితే, బలభ్రామకాల సూత్రం ప్రకారం రెక్కమీద నీరు 10 కిలోల బలంతో ముందుకు నెడుతుంది. మామూలు తెడ్డులో చీలమీద పడేది ఈ రెండింటి మొత్తం, 30 కిలోలు, ముందువైపుకు. మనిషి పాదాలు 20 కిలోలతో పడవను వెనుకకు తన్నుతాయి. మిగిలేది 10.

యంత్రపు తెడ్డులో పళ్ళచక్రం వ్యాసార్థం 5 సెంటీమీటర్లనుకొంటే, పళ్ళు కలిసేచోట బలం 20ని 75తో హెచ్చించి 5తో భాగించగా 300 కిలోలు అవుతుంది! లోపలి చీలమీద 320, బయటి చీలమీద 310, ఒకదానికొకటి ఎదురుగా పడతాయి. రెండింటి తేడా 10 కిలోలు, అదీ వెనుకవైపుకు. ఇక్కడ పాదాలు పడవను ముందుకు తన్నుతాయి కనుక, 20లో ఆ 10 పోగా మరల మిగిలేది 10 కిలోలే. పడవను నడిపే బలం ఏ పద్ధతిలోనైనా నీరు ఇచ్చేదే. మనిషిని ఇటు తిప్పినా అటు తిప్పినా అది పెరగదు. ఈ తెడ్లతో వేగం హెచ్చుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. కాని 30 కిలోలు మోసే చీల స్థానంలో 300 దాటి మోసే చీలలు రెండు వచ్చి కూర్చున్నాయి.

దీనినిబట్టి రాపిడిలోనే బలమంతా పోతుందని కొందరు తొందరపడి అంటారు. లెక్క వేస్తే అదీ నిలవదు. చీల వ్యాసార్థం అర సెంటీమీటరు, ఘర్షణ గుణకం 0.15 అనుకొంటే, రెండు చీలల దగ్గరా కలిపి పోయేది నూటికి మూడు పాళ్ళే. పళ్ళ రాపిడి దీనికి అదనం. నూనె పెట్టిన చక్రంలో అదీ స్వల్పమే. అసలు చిక్కు వదులుతనం. పళ్ళ నడుమ ఒక్క మిల్లీమీటరు సందు ఏర్పడితే, పిడి 15 మిల్లీమీటర్లు కదిలినదాకా రెక్క కదలదు. లేదా రెక్క తనంతట తాను 30 మిల్లీమీటర్లు ఊగుతుంది. నిమిషానికి 20 వేట్లు వేస్తే గంటకు 1200 సార్లు ఆ సందు ఠక్కున మూసుకొంటుంది. కొట్టుకొన్న కొద్దీ సందు పెరుగుతుంది, సందు పెరిగిన కొద్దీ దెబ్బ గట్టిదవుతుంది. పళ్ళచక్రాన్ని పెద్దది చేస్తే పళ్ళమీది బలం తగ్గుతుంది కాని, బరువు పెరిగి పడవ అంచున వేలాడుతుంది.

మరొక లోపం గాలి సంగతి. మామూలు తెడ్డును నీటినుండి ఎత్తగానే, పడవవాడు మణికట్టు తిప్పి రెక్కను బల్లపరుపుగా పెడతాడు. ఎదురుగాలి దానిని పట్టుకోదు. తెడ్డు రెండు తునకలైనప్పుడు ఆ మెలి కీలును దాటి బయటి తునకకు చేరాలి. దానికి మరొక అమరిక కావాలి. చవకరకాలలో అది లేదు. గాలి లేని చెరువులో ఈ కొరత తెలియదు. గాలి లేచిన రోజున భుజాలకు తెలుస్తుంది.

అయితే ముందు చూడవలసిన అవసరమే లేదా? ఉన్నది, ఒక్కొక్కచోట ప్రాణాలు దానిమీదనే ఆధారపడతాయి. జాన్ వెస్లీ పవెల్ 1869 మే 24న తొమ్మిదిమందితో, నాలుగు పడవలతో గ్రీన్ నదిలో బయలుదేరి కొలరాడో నది లోయలగుండా సాగాడు. పడవలు బరువైనవి, తెడ్లు వేసేవారి వీపులు సుడులవైపు ఉన్నాయి. అంతర్యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకొన్న పవెల్ ముందు పడవలో ఉండి, జెండాలు ఊపి వెనుకవారికి ఆజ్ఞలు ఇచ్చేవాడు. పదిమంది కళ్ళ పని ఒక్కరి కళ్ళతో జరగవలసివచ్చిందన్నమాట. జూన్‌లో ఒక పడవ సకాలంలో ఒడ్డు చేరలేక బండలకు కొట్టుకొని ముక్కలయింది. మనుషులు బయటపడ్డారు, ఆ పడవలోని ఆహారం చాలావరకు పోయింది.

1890లలో యూటా ప్రాంతపు వేటకాడు నథానియెల్ గాలొవే అవే నదులలో వేరు పద్ధతి అవలంబించాడు. ఆయన తెడ్డును కోయలేదు, పళ్ళచక్రం పెట్టలేదు. పడవనే తిప్పాడు. వెనుకకొసను ప్రవాహంవైపు పెట్టి, తాను సుడులకు ఎదురుగా కూర్చున్నాడు. పడవను ముందుకు తీసుకుపోయే పని నది చేస్తుంది. మనిషి మామూలుగా పిడిని రొమ్ముకు లాగితే పడవ ప్రవాహానికి ఎదురునడచి వేగం తగ్గుతుంది; బండను చూచి పక్కకు తప్పుకొనే వ్యవధి దొరుకుతుంది. చూపూ లాగుడూ రెండూ ఒకే వైపున దక్కాయి. నేటికీ ఆ నదులలో పడవలు నడిపేవారు పాటించే పద్ధతికి మూలం ఇదే. ఇంతకంటె చవకైన పరిష్కారం ఊహించడం కష్టం. అయితే ప్రవాహం లేనిచోట ఇది పనికిరాదన్నదీ నిజమే.

మనిషిని తిప్పిన దేశాలూ ఉన్నాయి. వెనిస్ నగరపు గొండోలా నడిపేవాడు నిలుచుండి, ముందుకు చూస్తూ, ఒంటి బరువును పిడిమీద మోపి తోస్తాడు. కూర్చున్నవాడికి బలహీనమైన తోపుడు, నిలుచున్నవాడికి బరువు తోడై బలపడుతుంది. ఒకే తెడ్డు కుడివైపున ఉండడం వలన పడవ ఎడమకు తిరగబోతుంది కనుక, సుమారు 11 మీటర్ల ఆ పడవను ఎడమపక్కన 24 సెంటీమీటర్లు వెడల్పుగా కడతారు. బర్మాలోని ఇన్లే సరస్సులో జాలరులు ఒంటికాలిమీద నిలిచి, రెండవకాలిని తెడ్డుకు చుట్టి నడుపుతారు. నీటిమొక్కలమీదుగా దూరం చూడడానికి ఆ ఎత్తు కావాలి. కేరళ చుండన్ పడవలలో చీలే లేదు. పొట్టి తెడ్డును రెండు చేతులతో పట్టి, అందరూ ముందుకు చూస్తూనే నీటిని తోడుతారు. ముందుకు చూస్తూ పడవ నడపడం యంత్రయుగపు కానుక అని చెప్పేవారు ఈ పడవలను లెక్కలోకి తీసుకోలేదు.

ఈ తెడ్లకు తగిన స్థానం లేకపోలేదు. పిట్టలను చూస్తూ పోయేవాడికి, పడవల రద్దీ ఉన్న రేవులో ఒంటరిగా తిరిగేవాడికి, మెడ తిప్పలేని వృద్ధునికి ఇవి మంచి సాధనాలే. టోపీ అంచుకు చిన్న అద్దం తగిలించుకొనేవారు ఉన్నారు కాని, అందులో కనబడేది ఒక సన్నని చీలిక. పడవ ఊగితే అదీ చెదురుతుంది.

పాఠశాలకు మాత్రం ఈ తెడ్డు ఎంతో పనికివస్తుంది. చాలా పుస్తకాలు పడవ తెడ్డును అడకత్తెర పక్కన చేర్చి, రెండవ తరగతి తులాదండమని ఊరుకొంటాయి. ఒడ్డున నిలిచి చూచేవాడికి రెక్క నీటిలో దాదాపు కదలక నిలిచి, పడవ భారమై నడుమ కనిపిస్తుంది. అతనికి అది రెండవ తరగతే. పడవలో కూర్చున్నవాడికి చీల ఆధారబిందువు. అతనికి అది మొదటి తరగతి. ఎవరి దృష్టితో చూస్తున్నారో చెప్పకుండా తరగతి చెప్పడం సగం పాఠమే. యంత్రపు తెడ్డు పనిచేసే తీరు పడవలోని దృష్టితో చూచినప్పుడే తేటపడుతుంది.

నమూనాకు పెద్ద ఖర్చు లేదు. ఒక చెక్కపలకమీద రెండు అట్టముక్కలను రెండు మేకులతో వదులుగా బిగించి, ఒకదాని తోకకు పొడవాటి గాడి కోసి, రెండవదాని తోకకు గుచ్చిన సన్నమేకును ఆ గాడిలో దూర్చితే చాలు. పిడిని లాగితే రెక్క కూడా అదే దిక్కుకు వస్తుంది. తరువాత గాడిని కత్తితో కొద్దిగా వెడల్పు చేయించాలి. పిడి ఎంతో కదిలినా రెక్క కొంతసేపు ఉన్నచోటనే ఉంటుంది.