చుక్కల గదికి చూరు

మా పెరట్లో టెలిస్కోపు కోసం కట్టుకున్న ఎనిమిదడుగుల గది ఉంది. ఇటుక గోడలు, జీఐ రేకు కప్పు. రాత్రిపూట ఆ కప్పును పట్టాల మీద పక్కకు నెడితే నెత్తిన ఆకాశమే. కప్పు కదలాలంటే గోడకూ రేకుకూ మధ్య వేలెడు సందు తప్పదు. మా విశాఖలో వాయుగుండం పట్టిందంటే వాన నిలువునా పడదు, అడ్డంగా కొడుతుంది. ఆ సందే దానికి వాకిలి.

మొదటి ఏడాది సందంతా రబ్బరుతో, సిలికాన్‌తో మూసేశాను. అయినా గది కురిసింది. నేల మీద పాత పేపర్లు పరిచి, తెల్లారి తడిసిన చోటు వెతికేవాణ్ణి. చుక్క పడిన చోటు దొరికేది, నీరు దూరిన చోటు దొరికేది కాదు. చివరికి రేకు అడుగున, ఇనుప యాంగిళ్ల మీద సుద్ద రాశాను. మర్నాటి వానకి సుద్ద కడుక్కుపోయి సన్నటి గీత కనిపించింది. అది రేకు అంచు దగ్గర మొదలై మూడడుగులు లోపలికి పాకింది. నీరు అంచు నుంచి కింద పడకుండా, రేకు అడుగును కరుచుకుని వెనక్కి నడిచి వస్తోంది! సన్‌షేడ్‌ అడుగున, అంచుకు దగ్గరగా మేస్త్రీలు గాడి ఎందుకు తీస్తారో అప్పుడు అర్థమైంది. రేకు అంచును నాలుగు వేళ్ల మేర కిందికి వంచాం. నీరు ఆ కొసన చుక్క కట్టి, బరువెక్కి, బయటే రాలిపోయింది.

కింద నుంచీ నీరొచ్చింది. టెలిస్కోపు దిమ్మెను గది నేలకు తగలకుండా విడిగా కడతారు. లేకపోతే మన అడుగు కుదుపుకే శనిగ్రహం వణికిపోతుంది. ఆ ఖాళీలో నీరు ఊరింది. సిమెంటుతో పూడిస్తే దిమ్మె, నేల ఒకటైపోతాయి. కాబట్టి గది చుట్టూ లోతుగా కాలువ తవ్వించాను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మాత్రం వాన నీరు కాదు. సందులన్నీ బిగించిన ఆ ఏడాది సముద్రపు తేమ లోపలే ఉండిపోయి, తెల్లవారుజామున రేకు చెమర్చేది. కటకం మీద సాలెగూడు లాంటి బూజు పాకింది. సిలికాన్ గీకేశాను. చూరు కింద జాలీ పెట్టి గాలి ఆడనిచ్చాను.

ఈ ఊళ్లోనే డాబా గార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత వేధశాల కట్టుకున్నారు. శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని 1874లో ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు పరిశీలించారు. అదే ఉప్పుగాలి, అదే ముసురు. ముసురు పట్టినప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు.

మొన్న మూడు రోజుల వాన తెరిపిచ్చాక తలుపు తీశాను. ముక్కిన వాసన లేదు. నేల మీది పేపరు ఎత్తితే గరగరలాడింది.