పాత అంబాసిడర్‌కి ఇసుజు ఇంజను

శృంగవరపుకోట దాటాక అరకు ఘాటు రోడ్డు మొదలవుతుంది. అయిదుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో అనంతగిరి మలుపులెక్కే పాత డీజిలు అంబాసిడర్‌కి సెకండు గేరే దిక్కు. 1980లో హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన ఆ కారు మన దేశంలో మొదటి డీజిలు కారు. అందులోని బీఎంసీ ఇంజను 1489 సీసీ, శక్తి 37 హెచ్‌పీ. మైదానంలో పలాస నుంచి విజయనగరం దాకా అలుపు లేకుండా పోతుంది గానీ, ఏటవాలు రాగానే దాని బలం తేలిపోతుంది. తర్వాతి కాలంలో అదే కంపెనీ అదే బాడీలో 1995 సీసీ ఇసుజు డీజిలు ఇంజను పెట్టింది. పాత బండి మీద మమకారం ఉన్నవాళ్లు ఆ ఇంజనునే తెచ్చి వేయించుకుంటారు. ఈ పని తెలిసిన మేస్త్రి చేతిలో ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే, ఇంజను దించి ఎక్కించడం అందులో చిన్న భాగమేనని అర్థమవుతుంది.

అనుభవం ఉన్న మేస్త్రి ఇంజనొక్కటే కొనమనడు. దానితో పుట్టిన అయిదు గేర్ల బాక్సు, ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, సెల్ఫు మోటారు, చివరికి మౌంటింగు రబ్బర్లతో సహా తెమ్మంటాడు. పాత గేరుబాక్సు బెల్ హౌసింగ్ బోల్టులు కొత్త బ్లాకు కన్నాలకు కలవవు. మధ్యలో ప్లేటు కోయించి కలపవచ్చు గానీ, క్రాంకు నడిమధ్య గీతకీ గేరుబాక్సు షాఫ్టు గీతకీ వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ దగ్గర బేరింగు త్వరగా పోతుంది. జంటగా తెస్తే ఆ బాధ ఉండదు. బదులుగా స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు తీసేసి, ఫ్లోరులో గేరు లివరుకి కన్నం కోయాలి. ఆ కన్నం కోసే ముందు మేస్త్రి లివరుని అన్ని గేర్లలోకీ వేసి, అది తిరిగే మేరంతా సుద్దముక్కతో గీసుకుంటాడు.

చైన్ బ్లాకుకి వేలాడదీసిన ఇంజను బోనెట్ కిందికి దిగాక నిలపడం మొదలవుతుంది. ముందు ఫ్యానుకీ రేడియేటరుకీ ఖాళీ ఉండాలి. కింద ఆయిలు చాంబరు దేనికీ తగలకూడదు. వెనక గేరుబాక్సు తోక సరిగ్గా డిఫరెన్షియల్ వైపు చూడాలి. మౌంటింగు బ్రాకెట్లకి మొదట చుక్క వెల్డింగులే వేస్తారు. ఇంజను బరువంతా రబ్బర్ల మీద పడి అవి అణిగాక మళ్లీ కొలుస్తారు. పూర్తి వెల్డింగు ఆ తర్వాతే.

ఈ పనంతటిలో నాకు గొప్పగా కనిపించేది ప్రొపెల్లర్ షాఫ్టు. గేరుబాక్సు పొడవు మారింది కాబట్టి షాఫ్టు పొడవూ మారాలి. ఆ కొలత జాకీ మీద ఎత్తిన బండికి తీయరు. నాలుగు చక్రాలూ నేల మీద ఆనించి, వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి తీస్తారు. బరువు పడితే వెనక కమాను పట్టీలు సాగి, యాక్సిలు కదిలి, షాఫ్టుకి ఉన్న చోటు మారుతుంది. షాఫ్టు పొడవు ఎక్కువైతే గుంతలో పడ్డప్పుడల్లా గేరుబాక్సు బేరింగుని వెనకనుంచి పొడుస్తుంది. అందుకే పళ్ల కొస దగ్గర లోపలికీ బయటికీ జరిగే వీలు ఉంచుతారు.

కొలత లేతు షాపుకి చేరుతుంది. గొట్టం కోసి, ఫోర్కు కొసని బిగించి, నాలుగు చోట్ల చుక్కలు పెట్టి లేతు మీద తిప్పుతారు. డయల్ గేజు ముల్లు ఊగితే సుత్తితో మెల్లగా కొట్టి సరిచేస్తారు. ముల్లు నిలిచాక కూడా వెల్డింగు ఒక్క దమ్ములో వేయరు. ఒక పక్క కాస్త, ఎదురు పక్క కాస్త వేస్తూ పోతారు. వేడి ఒకవైపే పట్టిందా, గొట్టం అటు లాగేస్తుంది.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉంది. షాఫ్టు కొసనుండే క్రాసు జాయింటు వంపులో తిరిగేటప్పుడు దాని వేగం ఒకేలా ఉండదు. ప్రతి చుట్టుకీ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. షాఫ్టు రెండు కొసల ఫోర్కులూ ఒకే వరసలో ఉండి, గేరుబాక్సు గీతా డిఫరెన్షియల్ పినియన్ గీతా సమాంతరంగా ఉంటే, ముందు జాయింటు పుట్టించిన ఎగుడుదిగుడుని వెనక జాయింటు అంతే కొలతలో చెరిపేస్తుంది. రెండు లోపాలు కలిసి నున్నటి తిరుగుడు అవుతుంది! లేతు మేస్త్రి కోతకి ముందే గొట్టం పొడుగునా ఒక గీత గీసేది ఈ వరస తప్పకుండా ఉండడానికే. వరస తప్పితే వేగం పెరిగేకొద్దీ కారు హోరుమంటుంది, సీటు కింద వణుకు తెలుస్తుంది.

పంపు, నాజిళ్ల పని వేరే చేతిది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కితే పుట్టే వేడే ఇంధనాన్ని అంటిస్తుంది. ఈ రకం ఇంజనులో మంట మొదలయ్యే చిన్న గది చల్లగా ఉంటే ఆ వేడిని గోడలు పీల్చేస్తాయి, అందుకే హీటరు ప్లగ్గులు. ఇసుజులో క్యామ్ షాఫ్టుని తిప్పేది బెల్టు. వాడిన ఇంజను కొన్నప్పుడు ఆ బెల్టు ఎలా ఉన్నా తీసి కొత్తది వేయడమే సరైన పని. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి.

మొదటిసారి స్టార్టు చేసేముందు లైన్లోని గాలి తీయాలి. ఫిల్టరు మీది చేతి పంపు నొక్కుతూ స్క్రూ వదులు చేస్తే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగ లేని డీజిలు కారుతుంది. స్క్రూ బిగించి, నాజిళ్ల పైపు నట్లు వదులు చేసి సెల్ఫు కొడతారు. చిమ్ముతున్న ఒక్కో నట్టునూ బిగిస్తుంటే ఒక్కో సిలిండరే అందుకుంటుంది. మొదట గతుకుతూ, నాలుగూ కలిశాక నిలకడగా.

బలం పెరిగితే ఆపే శక్తీ పెరగాలి. డీజిలు ఇంజను గాలిని అడ్డగించదు కనక బ్రేకు బూస్టరుకి కావలసిన వాక్యూం దానంతటది పుట్టదు. బూస్టరు పెట్టాలంటే దానికి వాక్యూం పంపు ఉండాలి. ముందు బరువు మారితే టార్షన్ బార్లనీ సర్దించాలి. ఘాటు రోడ్డు దిగేవాళ్లు ఈ రెండూ వాయిదా వేయకూడదు.

ఇంజను కొనకముందే రవాణా కార్యాలయానికి వెళ్లండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, కాబట్టి ఈ మార్పుకి అనుమతి దొరుకుతుందో లేదో ముందే తెలుసుకోవాలి. ఇంజను బిల్లు జాగ్రత్త చేసుకోండి. కొత్త ఇంజను నంబరు ఆర్‌సీలో ఎక్కాకే బండిని అరకు రోడ్డెక్కించండి.