సీగల్ పాట, మార్లీ బొటనవేలు

మెలనోమా గురించి లోకంలో బాగా ప్రచారమైన కథనాల్లో రెండు 1981తో ముడిపడ్డవే. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు క్యాన్సర్ కౌన్సిల్ టీవీలో ఒక ప్రకటన మొదలుపెట్టింది. సిడ్ అనే సీగల్ పక్షి బొమ్మ ఆడుతూ పాడుతూ చొక్కా తొడుక్కోమంటుంది, సన్‌స్క్రీన్ పూసుకోమంటుంది, టోపీ పెట్టుకోమంటుంది. అదే ఏడాది మే 11న మయామీలో జమైకా గాయకుడు బాబ్ మార్లీ ఇదే జబ్బుతో 36 ఏళ్లకే కన్నుమూశాడు. జబ్బు ఒకటే. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు అదుపు తప్పి పెరగడమే మెలనోమా. కానీ ఈ రెండు కథనాలూ దాన్ని చూపించే చోట్లు వేరు.

ప్రకటనగా సీగల్ పాటకు వంక పెట్టడం కష్టం. భయపెట్టదు, మూడు పనులు చెప్పి ఊరుకుంటుంది, ఆ మూడూ చిన్నపిల్లలు కూడా చేయగలిగినవే. టోపీ లేకపోతే ఆట లేదన్న నియమం అక్కడి బడుల్లో మామూలైపోయింది. తెల్లని చర్మం, మండే ఎండ కలిసిన దేశానికి అది సరైన మందు. అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, అడ్డుకునేంత మెలనిన్ ఆ చర్మంలో ఉండదు. చిక్కల్లా ఆ పాఠాన్నే ప్రపంచం మొత్తానికీ పాఠంగా తీసుకోవడంలో ఉంది. చామనఛాయ, నల్లని చర్మాల్లో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం అరికాలు, అరచెయ్యి, గోటి కింద ఎక్కువగా కనిపిస్తుంది. ఆ రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. టోపీ దాన్ని ఆపలేదు.

అందుకే మనకు మార్లీ కథే దగ్గరిది. 1977లో అతని కుడికాలి బొటనవేలి గోటి కింద ఈ జబ్బు బయటపడింది. అంతకుముందు అది ఫుట్‌బాల్ దెబ్బే అనుకున్నారు. వేలు తీసేయాలన్న సలహాకు అతను ఒప్పుకోలేదు. గోరు, దాని కింది కండ మాత్రం తీసి చర్మం అతికారు. 1980 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పరుగెత్తుతూ కూలిపోయాడు. అప్పటికే అది మెదడుకు పాకింది.

ఈ కథ చెప్పేవాళ్ల మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. సగంమంది ఫుట్‌బాల్‌ను దోషిని చేస్తారు, మిగతా సగం వేలు తీయనివ్వలేదంటూ అతని రాస్తాఫారీ మత విశ్వాసాన్ని. ఆ గోరు ఎలా ఉంటే అనుమానించాలో మాత్రం చెప్పరు. సీగల్ పాట ఏం చేయాలో చెప్పింది. మార్లీ కథ కన్నీళ్లు పెట్టించింది, అంతే. అతని మరణం పట్ల నిజమైన గౌరవం ఉంటే ఆ వివరం చెప్పి తీరాలి.

చెప్పడానికి కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు. జొనాథన్ హచిన్సన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు గోరుచుట్టులా కనిపించే ఈ నల్లని జబ్బును 1886లోనే వర్ణించాడు. మన చర్మరంగు వాళ్లకు చాలా గోళ్లలో సన్నని గోధుమరంగు గీతలు ఉండటం మామూలే, వాటికి బెంగ అక్కర్లేదు. పెద్దయ్యాక ఒకే గోటికి కొత్తగా గీత పడి, అది గోటి మొదలు దగ్గర వెడల్పవుతూ, నలుపు గోరు దాటి పక్క చర్మంలోకి దిగితే మాత్రం చర్మవైద్యుడికి చూపించాల్సిందే. గోరింటాకు, పారాణి, గోళ్లరంగు ఇష్టంగా పెట్టుకునే మన ఇళ్లలో ఆ గీత నెలల తరబడి కంటపడకపోవచ్చు. అరికాలి మచ్చను ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకునేవాళ్లూ ఉన్నారు.

దెబ్బకు గడ్డకట్టిన నెత్తురైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది, వెనక తేటగోరు వస్తుంది. మెలనోమా గీత మొదలు వదలదు. తేడా తేలకపోతే ముక్క తీసి పరీక్షిస్తారు. అందులో ముఖ్యంగా కొలిచేది మెలనోమా మందం. అది ఒక మిల్లీమీటరు లోపు ఉండగా పట్టుకుంటే చాలామందికి కోసి తీసేయడంతోనే నయమవుతుంది.