కోడికూత లేని చోటు

లఫ్కాడియో హెర్న్ 1904లో వేసిన 'క్వైదాన్' అనే జపాన్ కథల పుస్తకంలో 'యుకి ఒన్నా' అని చాలా చిన్న కథ ఒకటుంది. కట్టెలు కొట్టుకునే ఇద్దరు, ఒక ముసలాయన, ఒక కుర్రాడు, ఇంటిదారి పట్టి మంచుతుఫానులో చిక్కుకుంటారు. ఇల్లు చేరాలంటే నది దాటాలి. పడవవాడు పడవని అవతలి ఒడ్డున వదిలి వెళ్ళిపోయాడు. గత్యంతరం లేక ఇద్దరూ రేవు దగ్గరి పాకలో దూరతారు. అందులో కుంపటి లేదు, నిప్పు రాజేసుకునే చోటు కూడా లేదు. ఆ రాత్రి ఒంటినిండా తెల్లటి బట్టలతో ఒక స్త్రీ వచ్చి ముసలాయన ముఖం మీద ఊపిరి వదులుతుంది. తెల్లారేసరికి ఆయన ప్రాణం లేదు.

ఈ కథ చదివినవాళ్ళు ఆ మంచుమనిషి గురించి చెబుతారు. నేను మాత్రం పడవ గురించి చెబుతాను. అది అవతలి ఒడ్డున ఉన్న క్షణంలోనే నాకు భయం పుట్టింది. మంచుదేశాల దెయ్యం కథలు ఎన్ని చదివినా నన్ను పట్టి కూర్చోబెట్టేది ఇదే: దారి మూసుకుపోవడం. దారి మూయడం తెలిసిన రచయితే నా దృష్టిలో ఈ రకం కథలకు నిజమైన పనివాడు.

మన దెయ్యాలకు హద్దులుంటాయి. చింతచెట్టుదో, పాడుబడ్డ దిగుడుబావిదో, ఊరవతల శ్మశానానిదో అయి ఉంటుంది. నాలుగడుగులు వడిగా వేసి ఊళ్ళోకి వచ్చి పడితే బతికిపోయినట్టే. లేదంటే తొలికోడి కూసేదాకా ఓర్చుకోవాలి. మన భయాలకు చుట్టూ మనుషులూ ఉంటారు. యండమూరి 'తులసిదళం'లో చేతబడి జరిగేది నలుగురూ మసిలే ఇంట్లోని పసిపిల్ల మీద. డాక్టర్లూ వస్తారు, మంత్రగాళ్ళూ వస్తారు. మన చలికాలమైతే అసలు భయపడే కాలమే కాదు. ధాన్యం ఇంటికి చేరే రోజులవి. తెల్లవారకముందే వాకిట్లో ముగ్గులు, హరిదాసు పాట, ఆ తర్వాత భోగిమంట.

ఉత్తరాది దేశాల్లో ఇది తలకిందులు. పంట ఎప్పుడో లోపలికొచ్చేసింది, ఇక మంచు కరిగేదాకా ఉన్నదాంట్లోంచి తీసుకు తినడమే. పగలు కుంచించుకుపోతుంది. ఇంగ్లండులో క్రిస్మస్ పండక్కి దెయ్యం కథలు చెప్పుకునే ఆనవాయితీ ఉండటం నాకు మొదట్లో వింతగా తోచేది, ఇప్పుడు సహజమనిపిస్తుంది. డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కరోల్' ఆ కోవలోదే. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో ఎం.ఆర్. జేమ్స్ తన కథల్ని క్రిస్మస్ వేళ మిత్రులకి చదివి వినిపించేవాడు.

ఇంకా పైకి, స్వాల్‌బార్డ్ దీవులకి వెళ్తే కోడికూతకే చోటు లేదు. అక్కడి లాంగ్యియర్‌బ్యెన్ ఊళ్ళో అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరి నడిమికి గాని ఉదయించడు. మిషెల్ పేవర్ 2010లో రాసిన 'డార్క్ మ్యాటర్' ఆ దీవుల్లో, 1937లో జరుగుతుంది. వాతావరణం కొలతలు తీసి వైర్‌లెస్‌లో పంపడానికి ఇంగ్లండు నుంచి బయల్దేరిన చిన్న బృందం కథ అది. ఒకడు ముందే ఆగిపోతాడు. ఒకడికి జబ్బు చేస్తుంది. చివరికి జాక్ అనే ఒక్కడే కుక్కలతో మిగులుతాడు. ఒకచోట ఓడ నాయకుడు వెనక్కి వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోవచ్చు, ఒకచోట స్నేహితుడి కోసం ఉండిపోవాలనిపిస్తుంది. జాక్ వెళ్ళగలిగి వెళ్ళకపోయిన ప్రతిచోటా పేవర్ తొందరపడకుండా ఆగుతుంది. దెయ్యం కనబడేది తక్కువసార్లే. కొలతలు తీసుకోవాల్సిన వేళకి లాంతరు పట్టుకుని బయటికి అడుగుపెట్టాల్సి రావడమే మనల్ని వణికిస్తుంది.

స్టీఫెన్ కింగ్ 1974లో భార్యతో కలిసి కొలరాడోలోని స్టాన్లీ హోటల్లో దిగాడు. సీజను అయిపోయి హోటలు మూసేసే రోజులు, ఆ పెద్ద భవంతిలో అతిథులు దాదాపు వాళ్ళిద్దరే. అక్కడ పుట్టిన ఆలోచనే 1977లో 'ది షైనింగ్' నవలైంది. చలికాలమంతా మూసి ఉండే కొండమీది హోటలుకి కాపలాగా జాక్ టారెన్స్ భార్యనీ, చిన్న కొడుకునీ తీసుకుని వెళ్తాడు. మొదటి అధ్యాయాల్లో దెయ్యాల ఊసు కన్నా పని వివరాలే ఎక్కువ. అటక మీద ఎలుకలు, వంటగదిలో నిల్వలు, నేలమాళిగలో పాత బాయిలర్. దాని పీడనం నెమ్మదిగా పైకి పాకుతుంది, రోజూ దించకపోతే పేలుతుంది. చదివేటప్పుడు ఆ వివరాలు దాటేద్దామనిపించేవాళ్ళకి ఒక మాట: దాటొద్దు. ఆ హోటల్లో బతకాలంటే వేడి కావాలి, ఆ వేడే వాళ్ళని చంపగలదు. కింగ్ కథ మొత్తాన్ని ఆ బాయిలర్ మీద నిలబెట్టాడు. చివరికి దాన్ని మరిచిపోయినందుకే హోటలు తగలబడుతుంది.

దారి సంగతి చూడండి. మంచు రోడ్డుని మూసేసింది, సరే. కానీ ఇంకా స్నోమొబైల్ ఉంది, రేడియో ఉంది. వాటిని పాడుచేసేది దెయ్యాలు కాదు, జాక్. తన చేత్తోనే రేడియో పగలగొడతాడు, బండిలో భాగం ఊడదీసి మంచులోకి విసిరేస్తాడు. హోటలుకి కావాల్సింది అలాంటి మనిషే. 1980లో కుబ్రిక్ తీసిన సినిమాలో బాయిలర్ పేలదు. జాక్ పొదల చిట్టడవిలో దారితప్పి గడ్డకట్టుకుపోతాడు. ఆ దృశ్యం గొప్పదే, అయినా నేను నవల పక్షమే.

ఈ కథలన్నిటిలో నన్ను ఇబ్బందిపెట్టే విషయం ఒకటుంది. ఎవరూ లేని చోటని రాస్తారు, అక్కడ మనుషులున్నా సరే. 1845లో ఫ్రాంక్లిన్ నాయకత్వంలో 'ఎరెబస్', 'టెర్రర్' అనే రెండు ఓడలు ఆర్కిటిక్‌లోకి వెళ్ళి మంచులో ఇరుక్కున్నాయి. 129 మందిలో ఒక్కడూ తిరిగి రాలేదు. డాన్ సిమన్స్ 2007 నాటి నవల 'ది టెర్రర్'లో వాళ్ళని ఒక మంచుమృగం వేటాడుతుంది. నాకైతే ఆ మృగం అక్కర్లేదు. తిండి అయిపోవడం, చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ, పడవల్ని మంచుమీద ఈడ్చుకుంటూ నడక, ఇవి చాలు. ఆ నేలమీద తరతరాలుగా బతుకుతున్న ఇన్యూట్‌లు తాము విన్నది జాన్ రే అనే అన్వేషకుడికి చెప్పారు. చివరి రోజుల్లో నావికులు చచ్చినవాళ్ళని తిన్నారన్నారు. ఆయన ఆ కబురు 1854లో లండన్‌కి చేరవేస్తే డికెన్స్ తన పత్రికలో దాన్ని కొట్టిపారేశాడు. తర్వాత దొరికిన ఎముకల మీది కత్తిగాట్లు ఇన్యూట్‌ల మాటే నిజమని చెప్పాయి. 2016లో 'టెర్రర్' ఓడ సముద్రం అడుగున దొరికిందీ ఒక ఇన్యూట్ మనిషి చెప్పిన ఆనవాలు వల్లే. ఆల్జెర్నాన్ బ్లాక్‌వుడ్ 1910 నాటి 'ది వెండిగో'లోనూ ఇదే లోటు. క్రీ, ఒజిబ్వే జనాలకి వెండిగో అంటే కరువు చలికాలంలో మనిషిని తినే ఆకలి. బ్లాక్‌వుడ్ చేతిలో అది అడవి పిలుపైపోయింది. కథ బాగుంటుంది, ఆకలి మాత్రం దాంట్లోంచి పోయింది.

తెలుగులో ఇలాంటిది రాయాలనుకునేవాళ్ళు ఆర్కిటిక్ దాకా వెళ్ళనక్కర్లేదు. అంటార్కిటికాలో మన దేశం మొదట కట్టిన స్థావరం దక్షిణ గంగోత్రి. అది మంచులో కూరుకుపోతుంటే 1990లో వదిలేశారు. ఇప్పుడున్న స్థావరాల్లో ఒకటైన 'మైత్రి'లో ఏటా ఒక బృందం చలికాలమంతా ఉండిపోతుంది. వేసవి ముగిసేసరికి ఓడ తిరుగుముఖం పడుతుంది, మళ్ళీ వేసవి దాకా రాదు. డీజిలు, బియ్యం, మందులు అన్నీ ముందే దింపుకోవాలి. ఆ బృందంలో ఒక తెలుగు వంటాయనో, డాక్టరో, జనరేటరు చూసుకునే మెకానిక్కో ఉన్నాడనుకోండి, నవలకి అంత చాలు. ఎవరైనా రాస్తానంటే నేను అడిగేది ఒక్కటే: ఓడ వెళ్ళిపోయే అధ్యాయాన్ని తొందరగా ముగించొద్దు.