పిడికెడు బియ్యము

ఒంగోలు ప్రాంతపు సంఘములలో పూర్వచరిత్ర చెప్పుకొనునపుడు వక్తలు సాధారణముగా వెల్లంపల్లి రేవునుండి ఆరంభింతురు. 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ నీటిలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న మాటకు సభలో చప్పట్లు మ్రోగును. ఆ సంఖ్య ఘనమైనదే. నా మనస్సు మాత్రము దానికి వెనుకనున్న రిక్తసంవత్సరములపైననే నిలుచును.

1840లో నెల్లూరున డే దొరగారు నెలకొల్పిన అమెరికను బాప్టిస్టు మిషను, పదమూడేండ్లు గడచినను చెప్పుకొనదగిన ఫలమేదియు చూపలేకపోగా, 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున సమావేశమైన మిషను పెద్దలు దానిని మూసివేయుదమా యని తర్జనభర్జనలు పడి, ఎట్టకేలకు మానుకొనిరి. మరుసటి జనవరి 1వ తేదీ వేకువను ఆ మిషనుకు చెందిన జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ యెక్కి, దిగువ నున్న పల్లెలకొరకు మోకరించి ప్రార్థించిరి. కొండ దిగిన పిమ్మట ఏమి జరిగెనందురా? చాలకాలము ఏమియు జరుగలేదు. 1862లో మూసివేత ప్రస్తావన మరల తలయెత్తెను. ఒంగోలున సంఘము 1867లో గాని ఏర్పడలేదు, అదియు ఎనమండుగురితో.

వెల్లంపల్లి బాప్తిస్మములకు ముందు వచ్చిన ధాత కరువునాటి సంగతి నాకు ఇంతకంటె విలువైనదిగా తోచును. అమెరికాలో నుండగా సర్వేయరు పని నేర్చిన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు (ఆ పూర్వాశ్రమవిద్య ఇచ్చట అక్కరకు వచ్చినది!) బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి చూపిరి. మట్టితట్టలు మోసిన మాదిగపల్లెల జనులు బోధకుల మాటలు విని బాప్తిస్మ మిమ్మనిరి. ఆయన ఇయ్యలేదు. తిండికై వచ్చినవారెవరో విశ్వసించి వచ్చినవారెవరో తేలవలెనని, కరువుసాయము ముగియువరకు, ఏడాదికి పైగా, ఆ ద్వారమును మూసియే యుంచిరి. లెక్కలు చూపలేకనే పలుమారులు మూతపడబోయిన మిషనుకు చెందినవాడు, లెక్కలు తామై చేతికి వచ్చుచుండగా వలదనుట సామాన్యమా?

అయినను కూటికొరకు మతము మార్చుకొనిరన్న ఎత్తిపొడుపు నేటికిని వినవచ్చును. అది వినినపుడెల్ల నాకు మా యమ్మ బియ్యపు డబ్బా గుర్తుకు వచ్చును. పూటపూట ఎసరు పెట్టకముందే, చేటలోని బియ్యమునుండి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసి, ఆదివారము గుడ్డసంచిలో పోసికొని గుడికి తీసికొనిపోవుట ఆమెకు అలవాటు. నాన్నకు పనిలేని నెలలలో చేట పలుచబడెడిది. పిడికిలి కొంచెము చిన్నదయ్యెడిది గాని డబ్బా ఖాళీగా ఉండెడిది కాదు. ఒకసారి నేను గొణిగితిని. “లెక్కలు తర్వాత చూద్దువుగాని, ముందు పొయ్యిలో పుల్ల ఎగదొయ్యరా,” అన్నది.

తమ్మునికి జబ్బు చేసినపుడు సంఘమంతయు ఉపవాసముండి ప్రార్థించినది. వాడు దక్కలేదు. ఏల దక్కలేదో పాదిరిగారు వివరింపబూనలేదు. అందుకు ఆయనపై నాకు నేటికిని గౌరవము. ఆ వారము మా ఇంట పొయ్యి రాజలేదు. ఇరుగుపొరుగువారే అన్నము తెచ్చిరి. శనివారము సాయంకాలము, గిన్నె తిరిగి ఇచ్చుచు, అమ్మ పక్కింటి ఆమెతో, “వదినా, మా పిడికెడు కూడా మీ బియ్యంలోంచే తీసి వెయ్యి, పొయ్యి రాజెయ్యగానే కొలిచి ఇస్తా,” అనినది. ఇచ్చినది కూడ.